ప్రేగులలోని బాక్టీరియాకూ మెదడు కణితికీ సంబంధము కలదా?

కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలలో రాత్రి ఒక చెంచా మజ్జిగ కలిపి మూత పెట్టినచో తెల్లవారునప్పటికి గిన్నెడు పెరుగు సిద్ధమగును. ఆ పని చేసినవి మజ్జిగలోని బాక్టీరియా. అవి పాలలోని లాక్టోజు అను చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లమును విడిచినవి. ఆ ఆమ్లము వలన పాలు తోడుకొన్నవి. సూక్ష్మజీవి ఒక పదార్థమును తినును; వేరొక పదార్థమును విడుచును; విడిచిన పదార్థము చుట్టునున్న వస్తువు స్వభావమును మార్చును. ఈ మూడు మాటలు జ్ఞాపకముంచుకొన్నచో ఈ వ్యాసములోని విషయము సగము తెలిసినట్లే.

ఇటువంటి పాత్ర ఒకటి మన కడుపులోనే ఉన్నది. అది పెద్దప్రేగు. మనము తిన్న ఆహారములో జీర్ణము కాక మిగిలిన పీచు, పిండి పదార్థములు అక్కడికి చేరును. వాటిని తిని జీవించు బాక్టీరియా సంఖ్యను 2016లో ఇజ్రాయెల్, కెనడా దేశముల శాస్త్రజ్ఞులు తిరిగి లెక్కకట్టిరి. 70 కిలోల బరువు గల మనిషి శరీరములో బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. అతని సొంత కణములు సుమారు 30 లక్షల కోట్లు. ఆ బాక్టీరియాలో అత్యధిక భాగము పెద్దప్రేగులోనే ఉండును. అన్నింటినీ కలిపి తూచినను బరువు 200 గ్రాములకు మించదు. ఇంత చిన్న బరువు గల ఈ జీవసమూహము ఎక్కడో పైనున్న మెదడులో కణితి పుట్టుటకు గాని, పుట్టకుండుటకు గాని కారణము కాగలదా? ఇటీవల అనేక పరిశోధక బృందములు ఈ ప్రశ్నను వేయుచున్నవి. "కావచ్చును" అని కొన్ని వ్యాసములు జవాబు చెప్పుచున్నవి. ఆ "కావచ్చును" అను మాటకు ఎంత విలువ కట్టవలెనో తెలిసికొనుటయే మన పని.

కారణము దొరకని రోగము

మెదడులో పుట్టు కణితులు పలు రకములు. నాడీకణములకు ఆధారముగా నుండు గ్లియా అను కణముల జాతి నుండి పుట్టిన వానిని గ్లయోమాలు అందురు. వానిలో అతి క్రూరమైనది గ్లయోబ్లాస్టోమా. ఇది అరుదైన రోగము. అమెరికాలో ఏటా లక్ష మందిలో సుమారు ముగ్గురికి మాత్రమే వచ్చును. కాని వచ్చినవారికి మిగులు కాలము స్వల్పము. శస్త్రచికిత్స తరువాత రేడియేషనుతోబాటు టెమోజోలొమైడ్ అను మందును ఇచ్చి చూచిన ప్రసిద్ధ పరీక్ష ఫలితములు 2005లో వెలువడినవి. మందు లేనివారిలో సగము మంది 12.1 నెలలకు మించి జీవింపగా, మందు పుచ్చుకొన్నవారిలో సగము మంది 14.6 నెలలకు మించి జీవించిరి. రెండున్నర నెలల లాభమే గొప్ప విజయముగా లెక్కింపబడినదనిన, ఈ రోగము ఎంత మొండిదో ఊహింపవచ్చును.

ఇది ఎందుకు వచ్చుచున్నదో చాలమంది రోగుల విషయములో ఎవరును చెప్పలేకున్నారు. పొగాకునకు ఊపిరితిత్తుల క్యాన్సరుతో ఉన్నట్టి స్పష్టమైన సంబంధము ఇక్కడ దొరకలేదు. బయటినుండి వచ్చు కారణములలో గట్టిగా రుజువైనది ఎక్స్ కిరణముల వంటి అయనీకరణ వికిరణము. ఇజ్రాయెల్‌లో తలమీది తామరకు చికిత్సగా పూర్వము పిల్లల తలలకు ఎక్స్ కిరణములు ఇచ్చెడివారు. అట్లు చికిత్స పొందిన 10,834 మందిని దీర్ఘకాలము గమనించి 1988లో ప్రకటించిన నివేదికలో మెదడు కణితులు, ముఖ్యముగా మెదడు పొరలలో పుట్టు మెనింజియోమాలు, వారిలో హెచ్చుగా ఉన్నట్లు తేలినది. కొన్ని అరుదైన వంశపారంపర్య వ్యాధులు కూడ కారణములే. ఈ రెండును కలిసినను రోగులలో కొద్దిమందికి మాత్రమే వర్తించును. మిగిలినవారి విషయములో కారణము కొరకు శాస్త్రజ్ఞులు అన్ని దిక్కులా వెదకుచున్నారు. ప్రేగులవైపు చూచుటకు హేతువిదే.

ప్రేగునుండి మెదడునకు దారి

బాక్టీరియా స్వయముగా ప్రేగునుండి మెదడునకు ప్రయాణము చేయనక్కరలేదు. అవి విడిచిన పదార్థములు చేసినచో చాలును. ప్రేగు గోడలు పీల్చుకొన్న పదార్థములు ఒక ప్రత్యేక సిర ద్వారా మొదట కాలేయమునకు పోవును. అక్కడ కొన్ని నాశనమగును, కొన్ని రూపము మార్చుకొనును. మిగిలినవి గుండెకు చేరి, అక్కడినుండి రక్తముతోబాటు శరీరమంతటను తిరుగును. ఇట్లు జీవక్రియలలో పుట్టి రక్తములో తిరుగు చిన్న అణువులను మెటబొలైట్లు అందురు. మన కణములు తయారు చేసినవి, ఆహారమునుండి వచ్చినవి, బాక్టీరియా తయారు చేసినవి, అన్నియు ఇందులో కలిసియుండును.

రక్తములో బాక్టీరియా పాలు ఎంత? ఇది తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు ఒక్క సూక్ష్మజీవి కూడ చొరని పెట్టెలలో ఎలుకలను పెంచుదురు. అట్టి ఎలుకల రక్తమును మామూలు ఎలుకల రక్తముతో పోల్చి చూచిన ప్రయోగము 2009లో వెలువడినది. అనేక పదార్థముల పరిమాణములలో తేడా కనిపించినది. ఇండోల్-3-ప్రొపియోనిక్ ఆమ్లము అనునది మామూలు ఎలుకల రక్తములోనే కలదు. సూక్ష్మజీవులు లేని ఎలుకలలో అసలు లేదు. అనగా దానిని తయారు చేయునది ఎలుక కాదు, ఎలుక ప్రేగులోని బాక్టీరియాయే.

కాని రక్తములో నున్నదంతయు మెదడులోనికి పోదు. 1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తములోనికి రంగులను ఎక్కించి చూచెను. అవయవములన్నియు రంగు పట్టినవి, మెదడు మాత్రము పట్టలేదు. 1913లో ఎడ్విన్ గోల్డ్‌మన్ ఇందుకు విరుద్ధముగా మెదడు చుట్టునుండు ద్రవములోనికే రంగును ఎక్కించెను. అప్పుడు మెదడు రంగు పట్టినది, శరీరము పట్టలేదు. రక్తమునకును మెదడునకును నడుమ ఒక అడ్డుగోడ కలదని దీనివలన స్పష్టమైనది. మెదడులోని సన్నని రక్తనాళముల గోడలలోని కణములు ఒకదానికొకటి బిగువుగా అతుకుకొని ఉండుటయే ఈ అడ్డుగోడ.

ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఈ గోడ బిగువు కూడ కొంతవరకు ప్రేగులోని బాక్టీరియాపై ఆధారపడి ఉన్నది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిన ప్రయోగములో, సూక్ష్మజీవులు లేని ఎలుకల మెదడు అడ్డుగోడ వదులుగా ఉన్నట్లు కనుగొనిరి. అట్టి ఎలుకలకు మామూలు ఎలుకల ప్రేగు బాక్టీరియాను ఇచ్చినప్పుడు గోడ బిగిసినది. బ్యూటిరిక్ ఆమ్లమును తయారు చేయు ఒకే జాతి బాక్టీరియాను ఇచ్చినను బిగిసినది. పీచు పదార్థమును బాక్టీరియా పులియబెట్టినప్పుడు పుట్టు చిన్న కొవ్వు ఆమ్లములలో బ్యూటిరిక్ ఆమ్లము ఒకటి.

1 సంవత్సరము తరువాత జర్మనీలోని ఫ్రైబుర్గ్ శాస్త్రజ్ఞులు మరియొక విషయము చూపిరి. మెదడులో కావలివారివలె తిరుగు మైక్రోగ్లియా అను కణములు, సూక్ష్మజీవులు లేని ఎలుకలలో పూర్తిగా పరిపక్వము కాలేదు. త్రాగు నీటిలో ఆ చిన్న కొవ్వు ఆమ్లములను కలిపి ఇచ్చినప్పుడు చాలవరకు బాగుపడినవి. కణితి మొలకెత్తినప్పుడు దానిని గుర్తింపవలసిన వారిలో ఈ కావలివారు కూడ ఉన్నారు.

ఇంతవరకు దారి ఉన్నదని తెలిసినది. దారి ఉన్నంతమాత్రమున ఆ దారిని రోగము నడచినదని అర్థము కాదు.

కణితి విషయములో దొరికిన ఆధారములు

రోమ్ నగరములోని పరిశోధకులు 2020లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. ఎలుకలకు రెండు యాంటిబయోటిక్ మందులను ఇచ్చి ప్రేగు బాక్టీరియాను మార్చిరి. తరువాత వాని మెదడులో గ్లయోమా కణములను నాటగా, మందు పొందిన ఎలుకలలో కణితి హెచ్చుగా పెరిగినది. కణితిని ఎదుర్కొను కొన్ని రక్షకకణముల స్థితి కూడ మారినది. ఇక్కడ ఒక విషయము గమనింపవలెను. కణితిని నాటినవారు పరిశోధకులే. కావున బాక్టీరియా మార్పు కణితి పెరుగుదలపై ప్రభావము చూపినదని చెప్పవచ్చును గాని, కణితిని పుట్టించినదని చెప్పుటకు వీలులేదు.

2023లో స్విట్జర్లాండ్ మొదలగు దేశముల శాస్త్రజ్ఞులు గ్లయోబ్లాస్టోమా రోగి కణితిలోనికి చొచ్చుకొనిపోయిన రక్షకకణములను బయటికి తీసి పరీక్షించిరి. ఆ కణములు కణితి ముక్కలనే గాక, ప్రేగులో నివసించు బాక్టీరియా ప్రోటీను ముక్కలను కూడ గుర్తించినవి. ప్రేగులోని బాక్టీరియాతో నేర్చిన పాఠమును రక్షకకణములు మెదడులో ఉపయోగించుచున్నవేమో అను ఊహకు ఇది బలము చేకూర్చినది.

మెటబొలైట్ల విషయములో మరియొక ఆధారము కలదు. మన ఆహారములోని ట్రిప్టోఫాన్ అను ఆమినో ఆమ్లము శరీరములో చాలవరకు కైన్యురెనిన్ అను పదార్థముగా మారును. గ్లయోమా కణములు కూడ దీనిని తయారు చేసి, దానితో చుట్టునున్న రక్షకకణములను అణచుచున్నవని జర్మనీలోని హైడెల్‌బెర్గ్ శాస్త్రజ్ఞులు 2011లో చూపిరి. అదే ట్రిప్టోఫాన్‌ను ప్రేగులోని బాక్టీరియా కూడ తమ పద్ధతిలో వాడుకొనును. పైన చెప్పిన ఇండోల్-3-ప్రొపియోనిక్ ఆమ్లము అట్లు పుట్టినదే.

ముందేది? వెనుకేది?

ఇప్పుడు ఒక పరిశోధకుడు 100 మంది కణితి రోగులను, 100 మంది ఆరోగ్యవంతులను పిలిచి వారి మలమును, రక్తమును పరీక్షించినాడనుకొందము. రోగులలో ఒక జాతి బాక్టీరియా తక్కువగా కనిపించినది. "ఆ బాక్టీరియా తగ్గుటచేతనే కణితి వచ్చినది" అనవచ్చునా?

అనరాదు. రోగికి వాంతులు, ఆకలి లేమి ఉండవచ్చును. అతడు తినుటయే మారినది. మెదడు వాపు తగ్గుటకు స్టెరాయిడ్లు, మూర్ఛకు మందులు, కణితికి విషతుల్యమైన ఔషధములు వాడినాడు. ఇవన్నియు ప్రేగు బాక్టీరియాను మార్చగలవు. అనగా కారణమని మనము తలచినది రోగముయొక్క ఫలితమే కావచ్చును.

రక్తము విషయమును ఇంతే. కొన్ని గ్లయోమాలలో ఐ.డి.హెచ్. అను జన్యువు మారియుండునని 2008లో తేలినది. మారిన ఆ జన్యువు వలన 2-హైడ్రాక్సీ గ్లూటారిక్ ఆమ్లము అను మెటబొలైటు కుప్పలుగా తయారగుచున్నదని 2009లో తెలిసినది. ఒక చిన్న అణువు మెదడు కణమును కణితివైపు త్రిప్పగలదనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము లేదు. దాని తయారీని ఆపు వొరాసిడెనిబ్ అను మందును 2024లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. కాని ఆ అణువును తయారు చేయుచున్నది ప్రేగు కాదు, కణితియే.

ముందు వెనుకలు తేల్చుటకు ఒక ఉపాయము, రోగము రాకముందే రక్తమును దాచియుంచుట. నార్వేలో అట్టి రక్తనిధి ఉన్నది. తరువాతి కాలములో గ్లయోబ్లాస్టోమా వచ్చినవారి రక్తమును, రానివారి రక్తమును పోల్చిన పరిశీలన 2016లో వెలువడినది. కొందరి రక్తము రోగము బయటపడుటకు 22 ఏండ్ల ముందు తీసినది. రోగము వచ్చినవారిలో విటమిన్ ఇ జాతికి చెందిన టోకోఫెరాల్‌లు కొంత హెచ్చుగా ఉన్నవి. మంచిదని పేరుపడిన పదార్థమే రోగుల పక్షమున కనిపించినది! అయినను దీనినిబట్టి విటమిన్ ఇ కణితిని కలిగించునని చెప్పరాదు. విటమిన్ మాత్రలు మ్రింగువారి జీవనవిధానము, ఆహారము, రక్తములోని కొవ్వు, ఇట్టివి ఎన్నియో వెనుక ఉండవచ్చును. కనబడని మూడవ కారణము ఎప్పుడును శాస్త్రజ్ఞునికి ప్రక్కలో బల్లెమే.

మెండెల్ చీట్లు

ఈ చిక్కునుండి బయటపడుటకు ఒక చక్కని మార్గము దొరికినది. దానికి మూలము 1865లో బ్రునో నగరములో గ్రెగర్ మెండెల్ చదివిన బఠాణీ మొక్కల వ్యాసము. తల్లిలోని ప్రతి జన్యువునకు రెండు ప్రతులు కలవు, తండ్రిలోనూ అట్లే. బిడ్డకు ఒక్కొక్కరినుండి ఒక్కొక్క ప్రతి మాత్రమే వచ్చును. ఏ ప్రతి వచ్చుననునది చీట్లు వేసి తీసినట్లే కేవలము యాదృచ్ఛికము. ఆ చీటీ బిడ్డ పుట్టకముందే తీయబడినది. తరువాత అతడు ధనవంతుడైనను, బీదవాడైనను, పొగ త్రాగినను, రోగము వచ్చినను చీటీ మారదు.

కావున ఒక పదార్థమును రక్తములో పుట్టుకతోనే పెంచు జన్యువు ఉన్నదనుకొందము. ఆ పదార్థము నిజముగా రోగకారణమైనచో, ఆ జన్యువు గలవారిలో రోగము హెచ్చుగా రావలెను. రానిచో ఆ పదార్థము నిర్దోషి కావచ్చును. రోగము జన్యువును మార్చజాలదు కావున ముందు వెనుకల సందేహము తొలగినది. ఈ ఆలోచనను 1986లో మార్టిన్ కటన్ అను డచ్ శాస్త్రజ్ఞుడు సూచించెను. రక్తములో కొలెస్టరాల్ తక్కువగా ఉన్నవారికి క్యాన్సరు హెచ్చని అప్పటి పరిశీలనలు చెప్పుచుండెను. పుట్టుకతో కొలెస్టరాల్‌ను తగ్గించు జన్యువు గలవారిలో క్యాన్సరు హెచ్చుగా ఉన్నదేమో చూడుడని ఆయన చెప్పెను. తరువాతి పరిశీలనలలో అట్టి ఆధిక్యము కనబడలేదు. 2003లో జార్జి డేవీ స్మిత్, షా ఇబ్రహీం అను శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని విపులముగా వివరించిన తరువాత ఇది విస్తారముగా వాడుకలోనికి వచ్చినది. దీనిని మెండెలీయ యాదృచ్ఛిక విభజన అనవచ్చును.

ప్రేగు బాక్టీరియా విషయములో ఈ పద్ధతికి కావలసిన సరకు ఇటీవల సిద్ధమైనది. 2021లో ఒక అంతర్జాతీయ బృందము 18,340 మంది జన్యువులను, ప్రేగు బాక్టీరియాను కలిపి పరిశీలించి ఫలితములను ప్రకటించినది. 2023లో కెనడాలో 8,299 మంది రక్తములోని 1,091 మెటబొలైట్లకు, 309 జతల నిష్పత్తులకు సంబంధించిన జన్యు వివరములు వెలువడినవి. గ్లయోమా వైపున 2017లో 12,496 మంది రోగులను, 18,190 మంది ఇతరులను పోల్చిన పరిశీలన కలదు. ఒక చోట బాక్టీరియాను పెంచు జన్యువులను ఎన్నుకొని, మరొక చోట అవే జన్యువులు కణితి రోగులలో హెచ్చుగా ఉన్నవా అని చూచుట నేటి పరిశోధకుల పద్ధతి. ఇంకొక అడుగు వేసి, బాక్టీరియా ప్రభావములో ఎంత భాగము ఫలానా మెటబొలైటు ద్వారా పోవుచున్నదని కూడ లెక్కకట్టుచున్నారు. ఆనకట్ట వద్ద వదలిన నీటిలో ఎంత భాగము ఏ పంటకాలువ గుండా చివరి పొలమునకు చేరినదో లెక్కించుట వంటిది ఇది.

పాల జన్యువు నేర్పు పాఠము

ఈ లెక్క సరియగుటకు మూడు నియమములు కావలెను. జన్యువు నిజముగా ఆ బాక్టీరియాను మార్చునదై ఉండవలెను. ఇతర కారణములతో ఆ జన్యువునకు పొత్తు ఉండరాదు. రోగముపై జన్యువు ప్రభావము ఆ బాక్టీరియా ద్వారానే తప్ప వేరొక త్రోవను పోరాదు. మూడవ నియమము అన్నిటికంటె కఠినము.

మరల పాల వద్దకు వత్తము. చంటిబిడ్డల చిన్నప్రేగులో లాక్టేజు అను ఎంజైము పాలచక్కెరను జీర్ణము చేయును. లోకములో చాలమందికి పెద్దయిన తరువాత ఈ ఎంజైము తగ్గిపోవును. కొందరికి జన్యువులోని ఒక మార్పు వలన జీవితమంతయు ఉండును. తగ్గినవారు పాలు త్రాగినప్పుడు జీర్ణము కాని చక్కెర పెద్దప్రేగునకు చేరి బైఫిడోబాక్టీరియా అను జాతికి విందగును. అందుచేత ఆ జాతి వారిలో హెచ్చుగా ఉండును. 2021 నాటి పరిశీలనలో జన్యువునకు, బాక్టీరియాకు కనిపించిన సంబంధములలో అతి బలమైనది ఇదే.

ఇప్పుడు ఈ జన్యువునకు ఏదో రోగముతో సంబంధము కనబడినదనుకొందము. అది బైఫిడోబాక్టీరియా మహిమయా? లేక ఆ జన్యువు గలవారు పాలు హెచ్చుగా త్రాగుటయా? లేక పాలతోబాటు వచ్చు కాల్షియము, కొవ్వు పనియా? జన్యువు ఒక్కటే, త్రోవలు మూడు. అన్నిటికంటె మంచి పనిముట్టులోనే ఇంత చిక్కు ఉన్నప్పుడు, బలహీనమైన పనిముట్ల సంగతి చెప్పనక్కరలేదు.

బలహీనత మాటలో అతిశయోక్తి లేదు. ఇజ్రాయెల్‌లో 1,046 మందిని పరిశీలించి 2018లో ప్రకటించిన ఫలితముల ప్రకారము ప్రేగు బాక్టీరియాలో మనిషికీ మనిషికీ గల తేడాను నిర్ణయించుటలో వంశపారంపర్యమునకు గల పాలు స్వల్పము. ఆహారము, పరిసరములదే పెద్ద చేయి. పైగా ఈ జన్యు పట్టికలలో అధికభాగము ఐరోపా సంతతివారివి. రాగి, జొన్న, వరి, పప్పు, చింతపండు తిను మన ప్రాంతపు వారి ప్రేగులకు వానిని ఉన్నవి ఉన్నట్లుగా అన్వయింపరాదు.

లెక్కలో దాగిన ప్రమాదము

మరియొక ప్రమాదము విద్యార్థులు తమ గణితముతోనే గ్రహింపగలరు. సంబంధము ఏమియు లేకున్నను యాదృచ్ఛికముగా అట్టి ఫలితము కనబడు అవకాశము 20లో 1కి తక్కువైనచో ఆ ఫలితమును "గణనీయము" అనుట ఆచారము. ఒక్క పరీక్షకు ఇది చాలవరకు బాగుగనే ఉండును. కాని 2021 నాటి పట్టికలో బాక్టీరియా వర్గములు 211. ఏ ఒక్కదానికిని కణితితో సంబంధము లేదనుకొన్నను, 211 పరీక్షలలో సుమారు 10 "గణనీయము" అనిపించును. మెటబొలైట్లు, నిష్పత్తులు కలిపి 1,400. అందులో 70 అట్లే కనిపించును. ప్రతి బాక్టీరియాను ప్రతి మెటబొలైటుతో జతపరచినచో జతలు 2,95,400. వట్టి యాదృచ్ఛికము వలననే 14,770 జతలు నెగ్గును! అందుచేత జాగరూకులైన పరిశోధకులు పరీక్షలు పెరిగినకొలది నియమమును బిగింతురు. 1,400 పరీక్షలు చేసినవారు 20లో 1 బదులు 28,000లో 1 అను కొలతను వాడవలెను. గ్లయోబ్లాస్టోమా వంటి అరుదైన రోగమునకు ఫలితములు అంత కఠినమైన కొలతకు నిలుచుట కష్టము. కొన్ని జనాభా నిధులలో ఈ రోగులు కొద్ది వందల మంది మాత్రమే ఉన్నారు.

ఒక వ్యాసము ఒక బాక్టీరియాను రక్షకుడని, మరియొక వ్యాసము వేరొక బాక్టీరియాను శత్రువని పేర్కొన్నప్పుడు పాఠకుడు అడుగవలసిన ప్రశ్నలు ఇవి: ఎన్ని పరీక్షలు చేసిరి? కొలతను బిగించిరా? వేరొక చోట, వేరొక జనములో అదే ఫలితము మరల వచ్చినదా? జన్యువు వేరొక త్రోవను పోవు అవకాశమును పరీక్షించిరా?

మనము చేయదగినది

ఈ పరిశోధనలు వ్యర్థములని చెప్పుట నా ఉద్దేశము కాదు. కడుపుపూతకు సూక్ష్మజీవి కారణమని 1980 ప్రాంతములలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ చెప్పినప్పుడు వైద్యలోకము నమ్మలేదు. హెలికోబాక్టర్ పైలోరీ అను ఆ బాక్టీరియా జీర్ణాశయ క్యాన్సరునకు కూడ కారణమని 1994లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ప్రకటించినది. 2005లో ఆ ఇద్దరికి నోబెల్ బహుమానము వచ్చినది. కాని వారి మాట నెగ్గినది ఒక్క పట్టికలోని ఒక్క అంకెవలన కాదు. బాక్టీరియాను పెంచి చూపిరి. మార్షల్ స్వయముగా త్రాగి జీర్ణాశయపు వాపును తెచ్చుకొనెను. మందులతో బాక్టీరియాను చంపగా రోగుల పుండ్లు మరల రాకుండ మానినవి. మెదడు కణితి విషయములో అట్టి గొలుసు ఇంకను పూర్తికాలేదు. నేటి జన్యు పరిశీలనలు ఏ తలుపు తట్టవలెనో చెప్పుచున్నవి. తలుపు తెరచుకొన్నదని చెప్పుటలేదు.

ఈ తేడా తెలియకపోవుట వలన నష్టము పత్రికలకు కాదు, రోగి కుటుంబమునకు. "ప్రేగును శుద్ధి చేసినచో కణితి రాదు" అను ప్రకటన చూచి ఖరీదైన పొడులు కొనువారు ఉందురు. శస్త్రచికిత్సను వాయిదా వేసికొనువారును ఉండవచ్చును. గ్లయోబ్లాస్టోమాలో ఒక్క నెల కూడ విలువైనది. మందుల వలన రక్షణశక్తి తగ్గిన రోగులకు సజీవ బాక్టీరియా గల మాత్రలు కొన్నిసార్లు హాని చేయును. డాక్టరును అడుగక వాడరాదు. ముందెన్నడు లేని మూర్ఛ, తెల్లవారుజామున వాంతులతో కూడి రోజురోజుకు హెచ్చు తలనొప్పి, ఒక ప్రక్క చేయి కాలు పట్టుతప్పుట, మాట తడబడుట, చూపు మందగించుట, ఇవి కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇట్టి లక్షణములు గల చాలమందిలో కారణము కణితి కాకపోవచ్చును. అయినను పరీక్ష చేయకుండ తేలదు. పీచు గల ధాన్యములు, పప్పులు, కూరలు, పెరుగు తినుట మంచిదే. జీర్ణమునకు, గుండెకు అవి మేలు చేయును. మెదడు కణితిని ఆపునని మాత్రము వానిపై భారము మోపరాదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. 40 మంది విద్యార్థులచేత ఒక్కొక్కరిచేత 5 సార్లు నాణెము ఎగురవేయించవలెను. అయిదు సార్లును బొమ్మయే పడుటకు అవకాశము 32లో 1. కావున 40 మందిలో ఒకరికో ఇద్దరికో అట్లు పడుట సహజము. ఆ విద్యార్థిని లేపి నిలువబెట్టి, "నీ చేతిలో ఏదో మహిమ కలదు" అని అనవచ్చును. తరగతి నవ్వును. తరువాత ఆ విద్యార్థిచేతనే మరల 5 సార్లు ఎగురవేయించవలెను. ఈసారి పడిన బొమ్మలను, బొరుసులను నల్లబల్లపై వ్రాసి, మొదటి వరుస ప్రక్కన ఉంచి చూపవలెను. ప్రేగు బాక్టీరియాను గూర్చి, మెదడు కణితిని గూర్చి రేపు వెలువడు వార్తను చదువునప్పుడు ఆ పిల్లలు ఆ రెండవ వరుస ఎక్కడ అని అడుగుదురు.